వంటిల్లు ఉన్న బడులు



మొన్న ఒక రాత్రి పదిన్నరకు మంచినీళ్ల కోసం లేచి హాల్లోకి వచ్చాను. మా కోడలు నేలమీద బాసింపట్టు వేసుక్కూర్చుని థర్మోకోల్ ముక్కలు కోస్తోంది. పక్కన జిగురు డబ్బా, రంగులు, రెండు అగ్గిపెట్టెలు. "ఇదేమిటమ్మా ఈ వేళప్పుడు?" అని అడిగితే, "రేపు మీ మనవడికి వర్క్ ఎక్స్‌పీరియన్స్ మార్కులు అత్తయ్యా! పల్లెటూరి ఇల్లు చేసుకు రమ్మన్నారు" అంది. మనవడేడీ? గదిలో హాయిగా నిద్రపోతున్నాడు. మా కోడలు పుట్టి పెరిగింది పట్నంలోనే అయినా, పాపం, అగ్గిపుల్లలతో ఆ ఇంటికి దడి కూడా కట్టింది. మర్నాడు ఆ ఇంటికి పదికి తొమ్మిది మార్కులు వచ్చాయి. అవి ఎవరికి వచ్చినట్టో మీరే చెప్పాలి!

నేను నవ్వాను గాని, నవ్వే అర్హత నాకు అట్టే లేదని తరవాత తోచింది. నేను చదువుకున్నది 1950 తరవాతి సంవత్సరాల్లో, కృష్ణాజిల్లాలో ఒక పల్లెటూరి బేసిక్ స్కూల్లో. పలకా బలపంతో పాటు తకిలీ, నాలుగు ఏకులు కూడా సంచీలో పెట్టుకుని బడికి వెళ్లేవాళ్లం. కాస్సేపు దారం తీసేవాళ్లం. అది పుటుక్కున తెగేది. మేష్టారు కునికిపాట్లు పడేవారు. మా బడి బీరువాలో ఒక నూలు చిలపల కట్ట ఉండేది. ఇన్‌స్పెక్టరుగారు వచ్చినప్పుడల్లా అది బయటికి వచ్చి బల్లమీద కూర్చునేది. ఆయన చూసి, తల పంకించి, సంతకం పెట్టి వెళ్లాక మళ్లీ బీరువాలోకి చేరేది. నేను ఆ బళ్లో ఉన్నన్నాళ్లూ అదే కట్ట! మా అమ్మకి ఈ తకిలీ వ్యవహారం బొత్తిగా గిట్టేది కాదు. "ఆడపిల్లకి ఇంట్లో చాకిరీ చాలదూ, బళ్లో కూడా చాకిరీయేనా? నాలుగు అక్షరమ్ముక్కలు నేర్పండిరా అని పంపిస్తే దారం తీయమంటారేమిటి?" అనేది. మా అమ్మ చదువుకోలేదు. అందుకనే ఆ మాట అంది. ఆ మాటకు జవాబు ఏమిటా అని ఎన్నో ఏళ్లు ఆలోచించాను.

ఆ తకిలీ ఎక్కడ బయలుదేరింది, మా ఊరి బీరువాలోకి ఎలా వచ్చి పడింది అన్నది చాలా పెద్ద కథ. అందులో ఆడవాళ్ల పాత్ర ఎంతో ఉంది. పుస్తకాల్లో మాత్రం అది ఓ మూల ఉంటుంది. ఇవాళ ఆ కథ మీతో చెప్పుకుందామని వచ్చాను.

కథ మన దేశంలో మొదలవలేదు. దక్షిణాఫ్రికాలో, ట్రాన్స్‌వాల్ రాష్ట్రంలో, 1910లో మొదలైంది. అక్కడి భారతీయుల మీద పెట్టిన అవమానకరమైన చట్టాలకు ఎదురుతిరిగి మగవాళ్లు జైళ్లకు వెళుతున్నారు. మరి వెనక ఉన్న పెళ్లాం బిడ్డల గతి ఏమిటి? ఇంటింటికీ నెలనెలా డబ్బు పంపాలంటే ఉద్యమ నిధి తరిగిపోతోంది. అప్పుడు గాంధీగారి మిత్రుడు కాలెన్‌బాక్ అనే ఆయన, జర్మనీ నుంచి వచ్చిన యూదుడు, వృత్తికి భవనాలు కట్టించే ఆర్కిటెక్టు, జోహాన్నెస్‌బర్గ్‌కి 21 మైళ్ల దూరంలో 1100 ఎకరాల తోట కొని, అద్దె లేకుండా ఈ కుటుంబాల కోసం ఇచ్చాడు. దానికి టాల్‌స్టాయ్ ఫారం అని పేరు పెట్టారు. నారింజ, ఆప్రికాట్, ప్లమ్ చెట్లు సుమారు వెయ్యి ఉన్నాయట. కొండ దిగువన ఒక చిన్న ఇల్లు తప్ప వేరే వసతి లేదు. నీళ్లు దూరం నుంచి మోసుకు రావాలి. నౌకర్లు అసలే లేరు.

అక్కడికి వచ్చి చేరినవాళ్లు ఎవరెవరో గాంధీగారే రాసి పెట్టారు. గుజరాతీలు, తమిళులు, ఉత్తరాదివాళ్లు, వాళ్లతో పాటు ఆంధ్రదేశం వాళ్లు కూడా ఉన్నారు. హిందువులు, ముసల్మానులు, పార్సీలు, క్రైస్తవులు అంతా కలిసి కాపురం. పడుచువాళ్లు ఓ నలభైమంది, ముసలివాళ్లు ఇద్దరో ముగ్గురో, ఆడవాళ్లు అయిదుగురు, పిల్లలు ఇరవై ముప్ఫైమంది. ఆ పిల్లల్లో ఆడపిల్లలు నలుగురో అయిదుగురో. మద్రాసు రేవులో ఓడెక్కి చెరకు తోటల కూలికి పోయిన మన తెలుగువాళ్ల బిడ్డలెవరో అందులో ఉండి ఉంటారనుకుంటే నాకు ఎందుకో ఒళ్లు జలదరిస్తుంది.

ఇందరికీ ఒకటే వంటిల్లు, అందరూ ఒకటే పంక్తి. ఇప్పుడు మనింట్లో నలుగురికి నాలుగు రకాల టిఫిన్లు చేయలేక సతమతమవుతున్నాం గదా, అక్కడ ఒక్క పొయ్యి మీద ఇన్ని మతాల, ఇన్ని భాషల వాళ్లకు వండాలి! మాంసం తినేవాళ్లు ఉన్నారు. వాళ్లకు వేరే పెట్టమని అడిగే హక్కు కూడా ఉందని గాంధీగారు ఒప్పుకున్నారు. ఆయన వెళ్లి ఆ ఇళ్ల ఆడవాళ్లతోనే నేరుగా మాట్లాడితే, శాకాహారమే కానివ్వండి, మాకు సమ్మతమే అన్నారు వాళ్లు. ఈ కాస్త ముక్క చదివినప్పుడల్లా నాకు అనిపిస్తుంది, ఆ ఫారం నిలిచింది గాంధీగారి సిద్ధాంతం మీద ఎంతో, ఆ ఆడవాళ్లు సర్దుకోవటం మీద కూడా అంతేనని.

గోధుమలు విసరటానికి ఒక ఇనప తిరగలి కొన్నారు. ఆ పిండితోనే రొట్టె. వేరుసెనగ గింజలు వేయించి, నూరి, వెన్నకు బదులు అది రాసుకునేవాళ్లు. కొన్న వెన్న కంటే నాలుగోవంతు ఖరీదులో అయ్యేదట. తోటలో నారింజలు విరగకాసేవి గనుక వాటితో మార్మలేడు చేసేవాళ్లు. సొంత పనిమీద పట్నం పోవాలంటే రైలెక్కకూడదు, నడవాలి. 21 మైళ్లు! అర్ధరాత్రి దాటాక బయలుదేరి పొద్దున్నకల్లా చేరేవాళ్లు. ఈ రొట్టె, వేరుసెనగ వెన్న, మార్మలేడే దారి బత్తెం. చెప్పులు కుట్టటం నేర్చుకోవటానికి కాలెన్‌బాక్ ఒక క్రైస్తవ సన్యాసుల మఠానికి వెళ్లి, నేర్చుకుని వచ్చి, గాంధీగారికి నేర్పాడు. గాంధీగారు మిగతావాళ్లకు నేర్పారు. వడ్రంగం కాలెన్‌బాక్‌కి ముందే వచ్చు. పాయిఖానా పని కూడా ఎవరికి వారే. మలమంతా గోతుల్లో పూడ్చి, మట్టి కప్పి ఎరువు చేసేవాళ్లు.

ఇక బడి. పొద్దుటి పూటంతా పిల్లలు గోతులు తవ్వటం, కట్టెలు కొట్టటం, చెట్లకు పాదులు చేయటం, బరువులు మోయటం. మధ్యాహ్నం భోజనాలయ్యాక పాఠాలు, అవీ మహా అయితే మూడు పీరియడ్లు. హిందీ, తమిళం, గుజరాతీ, ఉర్దూ నేర్పేవారట. ఆ జాబితాలో మన తెలుగు కనబడదు! పొద్దుటి నుంచి ఒళ్లు వంచి పని చేసినవాళ్లు గనుక పాఠం వేళకు పిల్లలకూ నిద్రే, పాఠం చెప్పేవారికీ నిద్రే. కళ్లమీద నీళ్లు చల్లుకుని మళ్లీ మొదలుపెట్టేవారట. ఈ సంగతి దాచుకోకుండా గాంధీగారే రాశారు. (మా మేష్టారి కునికిపాట్లను నేను క్షమించింది అది చదివాకే!) అయితే అక్కడ ఒక నియమం ఉంది. పెద్దవాళ్లు తాము చేయని పని పిల్లలకు చెప్పకూడదు. పిల్లలు గొయ్యి తవ్వుతుంటే పంతులు కూడా పలుగు పట్టుకుని పక్కన ఉండవలసిందే. రంజాన్ నెల వచ్చిందంటే ముసల్మాను పిల్లలకు తోడుగా మిగతావాళ్లు కూడా ఒంటిపూట ఉండేవాళ్లు. సాయంకాలం వీళ్లకు రుచిగా వండి వడ్డించేవాళ్లు. మతసామరస్యం అని పుస్తకంలో పాఠం పెట్టటం వేరు, పక్కవాడి ఉపవాసానికి తను వండి పెట్టటం వేరు గదా!

అలా అని అక్కడ జరిగిందంతా నాకు నచ్చిందని అనుకోకండి. ఒకసారి మగపిల్లలు కొందరు ఇద్దరు ఆడపిల్లలను వెక్కిరించారట. గాంధీగారు మగపిల్లలను మందలించారు. అంతటితో ఊరుకోక, ఆడపిల్లల మీద ఎవరి కన్నూ పడకుండా ఉండాలని, ఆలోచించి ఆలోచించి ఆ ఇద్దరికీ జుట్టు కత్తిరించారు. తన చేతులతోనే కత్తిరించారు. ఫారంలో ఉన్న పెద్ద ఆడవాళ్లు మొదట ససేమిరా అన్నారు. చివరికి ఒప్పించారు. ఆ పిల్లలు మంచివాళ్లు, మేలే జరిగింది అని ఆయన రాసుకున్నారు. ఎంత మహాత్ముడైనా కానీండి, తప్పు చేసింది మగపిల్లలు, జుట్టు పోయింది ఆడపిల్లలకు! ససేమిరా అన్న ఆ పెద్దమ్మలే నా లెక్కలో సరయినవాళ్లు. ఇవాళ్టికీ మన కాలేజీల్లో ఆడపిల్లల హాస్టలు గేటుకే ముందు తాళం పడుతోంది. ఆ జుట్టు కథ ఇంకా అయిపోలేదు మరి.

అదే 1910లో మన బందరులో కోపల్లె హనుమంతరావుగారు వకీలు వృత్తి వదిలేసి, ముట్నూరి కృష్ణారావుగారు, భోగరాజు పట్టాభి సీతారామయ్యగార్లతో కలిసి ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపించారు. ప్రభుత్వం సొమ్ము ముట్టకుండా, చదువుతో పాటు చేతిపనులు కూడా నేర్పాలని ఆయన పట్టుదల. జాతీయ పతాకంతో పేరు వచ్చిన పింగళి వెంకయ్యగారు అక్కడ పనిచేసినవారే. ఒకరి సంగతి ఒకరికి అట్టే తెలియకుండానే సముద్రానికి అవతలా ఇవతలా ఒకటే ఏడు ఒకటే ఆలోచన మొలకెత్తింది. హనుమంతరావుగారు 1922లోనే పోయారు. ఆయన కథ చెప్పాలంటే మరో ప్రసంగం కావాలి.

టాల్‌స్టాయ్ ఫారం మూడేళ్లే నడిచింది. 1913లో సత్యాగ్రహం మళ్లీ రాజుకున్నప్పుడు, ఆ ఫారంలో కాపురమున్న ఆడవాళ్లు కొందరు న్యూకాసిల్ బొగ్గు గనులకు వెళ్లి, కూలీలతో మాట్లాడి సమ్మె చేయించి, తామూ జైలుకు వెళ్లారు. చంకలో బిడ్డలతో వెళ్లినవాళ్లు కూడా ఉన్నారు. వీళ్లు ఏ కాలేజీలోనూ చదవలేదు. పది రకాల మనుషులకు ఒకే పొయ్యి మీద వండి ఒప్పించినవాళ్లు, గని కూలీలను ఒప్పించలేకపోతారా!

ఆ తరవాత గాంధీగారి ఫీనిక్స్ ఆశ్రమం పిల్లలు 1914లో, ఆయన కంటే ముందే ఇండియా వచ్చి, రవీంద్రుని శాంతినికేతనంలో దిగారు. అక్కడి బెంగాలీ పిల్లలకు వంటవాళ్లున్నారు, పనివాళ్లున్నారు. ఈ పిల్లలేమో తమ వంట తామే వండుకుని, తమ గిన్నెలు తామే తోముకుంటున్నారు. 1915లో గాంధీగారు వచ్చి, "మీరంతా కూడా ఇలా చేస్తే ఎలా ఉంటుంది?" అని ఉపాధ్యాయులనూ విద్యార్థులనూ అడిగారు. రవీంద్రులు సరేనన్నారు. మార్చి 10న వంటవాళ్లకు సెలవిచ్చి వంటింట్లోకి దిగారు. ఒక జట్టు కూరలు తరుగుతుంటే ఒక జట్టు బియ్యంలో రాళ్లు ఏరేది. పెద్ద పెద్ద గుండిగలు తోమేవాళ్లకు విసుగు పుట్టకుండా ఇంకొక జట్టు పక్కన కూర్చుని సితారు వాయించేదట! మనకెవరైనా ఎప్పుడైనా అంట్లు తోముతుంటే సితారు వాయించారా? ఆ ప్రయోగం అట్టే రోజులు సాగలేదు. కాని మార్చి 10వ తేదీని శాంతినికేతనంలో గాంధీ పుణ్యాహం అని జరుపుకోవటం ఆనవాయితీ అయింది. ఆ రోజు పనివాళ్లకు సెలవు, పనంతా పిల్లలూ పంతుళ్లూ చేస్తారు. ఏడాదికి ఒక్క రోజు. మా కోడలికి ఈ సంగతి చెబితే, "ఆ ఒక్కరోజైనా మనింట్లో పెట్టించండి అత్తయ్యా" అంది.

ఇక్కడినుంచి వార్ధాకి రావాలి. 1937లో రాష్ట్రాల్లో కాంగ్రెసు మంత్రివర్గాలు ఏర్పడ్డాయి. చిక్కేమిటంటే, బడుల ఖర్చుకు డబ్బు ఎక్కువగా సారా, కల్లు మీద వచ్చే ఆబ్కారీ ఆదాయం లోంచి రావాలి. తాగుడు మాన్పిస్తే బడి మూతపడుతుంది, బడి నడవాలంటే తండ్రి తాగాలి! ఇంతకంటే ఘోరం ఉంటుందా అన్నారు గాంధీగారు. పిల్లలు ఒక చేతిపని నేర్చుకుంటూ, దాని ద్వారానే లెక్కలు, భూగోళం, సైన్సు నేర్చుకుంటే, వాళ్లు చేసిన వస్తువు అమ్మకంతో పంతులు జీతమైనా గిట్టుతుంది గదా అన్నది ఆయన ఆలోచన. అక్టోబరు 22, 23 తేదీలలో వార్ధాలో మహాసభ జరిగింది. డాక్టర్ జాకీర్ హుస్సేన్ అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. తరవాత రాష్ట్రపతి అయిన ఆ జాకీర్ హుస్సేన్‌గారే. వినోబా, కాకా కాలేల్కర్, కుమారప్ప వంటి పెద్దలంతా ఉన్న ఆ కమిటీలో ఆడమనిషి ఒక్కతే, ఆశాదేవి. ఆవిడ బెంగాలీ. భర్త ఆర్యనాయకం సింహళం నుంచి వచ్చిన తమిళుడు. దంపతులిద్దరూ శాంతినికేతనం నుంచి వార్ధా వచ్చినవారే.

కమిటీ తయారుచేసిన దినచర్య చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. రోజుకు అయిదున్నర గంటల బడి. అందులో 3 గంటల 20 నిమిషాలు చేతిపనికే. మాతృభాషకు 40 నిమిషాలు, లెక్కలకూ సంగీతానికీ చిత్రలేఖనానికీ కలిపి 40 నిమిషాలు, సాంఘికశాస్త్రం, సైన్సు రెంటికీ కలిపి 30 నిమిషాలు, కసరత్తుకు 10, విరామానికి 10. ఏడేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకా ఉచిత నిర్బంధ విద్య, అదంతా మాతృభాషలోనే. ఇంగ్లీషు ఊసు లేదు.

అభ్యంతరాలు అప్పుడే వచ్చాయి. కె.టి. షా అనే ఆర్థిక శాస్త్రవేత్త, కమిటీలో సభ్యుడే, పిల్లలచేత వస్తువులు చేయించి అమ్మితే అది బాలకార్మికం అవుతుంది, బజారులో పెద్ద పనివాళ్ల నోట మట్టి కొట్టినట్టూ అవుతుంది అన్నాడు. డబ్బు రాబడి మీదే దృష్టి పెట్టి చదువు సంగతి మరిచిపోయే ప్రమాదం ఉందని కమిటీ కూడా తన నివేదికలో హెచ్చరించింది. చూశారా, మా అమ్మ అడిగిన ప్రశ్నే!

అయితే సేవాగ్రామంలో, అంటే వార్ధా పక్కన అప్పట్లో సేగావ్ అనే చిన్న పల్లెలో, ఆశాదేవి దంపతులు దాన్ని చేసి చూపించిన తీరు వేరు. పత్తి ఏరటం, గింజ తీయటం, ఏకటం, వడకటం, నేయటం, ఇవన్నీ పాఠాలే. ఇంత పత్తికి ఇంత నూలు వస్తే ఒక చొక్కాకి ఎంత పత్తి చేను కావాలి అన్నది లెక్క. పత్తి నల్లరేగడిలో ఎందుకు బాగా పండుతుంది అన్నది భూగోళం. మన నేత ఎలా పోయింది, మాంచెస్టరు బట్ట ఎలా వచ్చింది అన్నది చరిత్ర. హాస్టలు పిల్లలు వంతులవారీగా వంటింటి బాధ్యత తీసుకునేవారు. ఇంతమందికి వారానికి ఎంత ధాన్యం, ఎంత పప్పు, ఎంత ఆకుకూర అని అంచనా వేసి, లెక్క రాసి, ఏ తిండిలో ఏ బలం ఉందో తెలుసుకుని వండాలి. మగపిల్లలకు మినహాయింపు లేదు. మనం రోజూ పొద్దున్నే లేచి మనసులోనే చేసుకునే లెక్క అది. దానికి పీరియడ్ పెట్టి, పంతులును పెట్టి, ఇదే చదువు అన్నవాళ్లు ఎవరైనా ఉన్నారంటే వీళ్లే. 1945 సభలో దీన్ని ఇంకా పొడిగించి, చదువు తల్లి గర్భం నుంచి మొదలై మనిషి పోయేదాకా సాగాలన్నారు. అంటే తల్లుల చదువు కూడా అందులో చేరింది. ఆశాదేవికి 1954లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ పేరు మన పిల్లలకు ఏ క్విజ్‌లోనూ తగలదు.

స్వాతంత్ర్యం వచ్చింది. సర్కారు ఈ విధానాన్ని తలకెత్తుకుంది. అక్కడే దెబ్బ తగిలింది. సేవాగ్రామంలో పత్తి చేను ఉంది, మగ్గం ఉంది, పనిచేసే పంతులున్నాడు, ఊరివాళ్లు చూస్తున్నారు. మా ఊరి బడికి వచ్చిందల్లా తకిలీలు, ఒక జి.ఓ., ఒక బీరువా. పంతుళ్లకు "బేసిక్ ట్రైనింగ్" అని ఇచ్చారు గాని, వాళ్ల పిల్లలను మాత్రం పట్నం హైస్కూల్లో చేర్పించారు. అటు ఊరివాళ్లదీ కాక, ఇటు పంతులుదీ కాక, ఆ బడి ఇన్‌స్పెక్టరుగారి బడి అయి కూర్చుంది.

దీనికి తోడు 1953లో మద్రాసులో రాజాజీగారు ఒక పద్ధతి తెచ్చారు. పిల్లలు ఒక పూట బడికి, రెండో పూట ఇంటి దగ్గర తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవటానికి. చెప్పులు కుట్టేవాడి కొడుకు చెప్పులే కుట్టాలా, చాకలి బిడ్డ బట్టలే ఉతకాలా అని పెద్ద గొడవ లేచింది. 1954లో రాజాజీ దిగిపోయారు, తరవాత వచ్చిన కామరాజ్‌గారు దాన్ని తీసేశారు. రాజాజీ పథకం, వార్ధా పథకం ఒకటి కాదు. వార్ధాలో బ్రాహ్మణ పిల్లవాడు కూడా పాయిఖానా శుభ్రం చేయాలి, రాజాజీ పథకంలో ఎవడి కులప్పని వాడిదే. కాని జనం మనసులో రెండూ కలిసిపోయాయి. చేతిపని బడి అంటే మన పిల్లలను మనం ఉన్నచోటే ఉంచే బడి అనుకున్నారు. అలా అనుకోవటం తప్పని నేననలేను.

ఎందుకనలేనో చెబుతాను. 1970ల్లో నేను పట్నంలో ఒక మహిళా సంఘంలో సభ్యురాలిని. గాంధీ జయంతి వస్తే రాట్నం గురించి, స్వావలంబన గురించి మాట్లాడి చప్పట్లు కొట్టించుకునేదాన్ని. మర్నాడు వెళ్లి నా పిల్లలకు కాన్వెంటు ఫీజు కట్టేదాన్ని. ఆ రోజుల్లో మా ఇంట్లో అంట్లు తోమే ఆవిడకు ఒక కూతురు ఉండేది. "ఆ పిల్లను ఫలానా కేంద్రంలో వేయి, కుట్టుపని నేర్పుతారు, కాళ్లమీద నిలబడుతుంది" అని ఎంతో పెద్దరికంగా చెప్పాను. ఆవిడ చెయ్యి కడుక్కుని నావైపు చూసి, "కుట్టుపని మంచిదేనమ్మగారూ. మరి మీ పాపను వేయలేదేం?" అంది. అంతే. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. ఆనాడు జవాబు చెప్పలేక ఏదో పనున్నట్టు లోపలికి వెళ్లిపోయాను. మా అమ్మ మాట, ఈవిడ మాట, షాగారి అభ్యంతరం, మూడూ ఒక్కటే కదా అని చాలా ఏళ్లకు గాని తట్టలేదు.

1964లో వేసిన కొఠారీ కమిషన్ దీనికి పని అనుభవం అని పేరు పెట్టింది. 1977లో సామాజికోపయోగ ఉత్పాదక శ్రమ అని ఇంకా పెద్ద పేరు వచ్చింది. పేరు పెరిగిన కొద్దీ పని తరిగింది. అది మా ఇంటి హాల్లో థర్మోకోల్ గుడిసె దాకా వచ్చింది.

కథ ఇక్కడితో అయిపోయిందనుకున్నదాన్ని, మన తెలంగాణాలో, జహీరాబాద్ దగ్గర మాచనూరు అనే ఊరి సంగతి తెలిశాక మనసు మార్చుకున్నాను. ఆ ప్రాంతంలో పేద ఆడవాళ్లు, ఎక్కువమంది దళితులు, 1980ల నుంచి దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో ఊరూరా సంఘాలు పెట్టుకున్నారు. బీడుపడ్డ చెలకలను బాగు చేసుకుని జొన్నలు, సజ్జలు, కొర్రలు, పప్పులు కలిపి పండించారు. విత్తనాలు కొనకుండా ఎవరింట్లో వాళ్లు బూడిద కలిపి, బుట్టల్లో పోసి దాచుకున్నారు. వాళ్ల పిల్లలు పొలాల్లో పనికి పోతూ బడికి దూరమవుతుంటే, 1993లో మాచనూరులో ఒక బడి మొదలైంది. దాని పేరు పచ్చసాల. చదువూ సంధ్యా ఉంటాయి, సేద్యం, వడ్రంగం, కుమ్మరం, కుట్టుపని కూడా ఉంటాయి. సేవాగ్రామంలో ఉన్నవే. తేడా ఒక్కటే. ఇక్కడ తల్లులు అక్షరం రానివాళ్లు, కాని ఆ బడి తమదని వాళ్లకు తెలుసు. ఏ విత్తు ఏ నేలకు పనికొస్తుందో పిల్లలకు చెప్పవలసి వస్తే చెప్పేది వాళ్లే. చదువు మానిపించి పని నేర్పటం కాదది. పనికి పోయే పిల్లకు చదువు చేరువ చేయటం. మా అమ్మకు కావలసింది అదే!

ఆ ఆడవాళ్లే 2008లో అదే మాచనూరులో సంఘం రేడియో పెట్టుకున్నారు. ఏ పంట ఎప్పుడు వేయాలి, ఏ కూర ఎలా వండాలి, తమ మాటల్లో తామే చెప్పుకున్నారు. ఇలా మైకు ముందు కూర్చుని మీతో మాట్లాడుతుంటే వాళ్లు గుర్తుకొస్తున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్లు ఈ సొసైటీకి ఈక్వేటర్ బహుమతి ఇచ్చారు. బహుమతుల సంగతి అలా ఉంచండి, సజ్జరొట్టె తిన్నందుకు సిగ్గుపడిన ఇళ్లలో అది మళ్లీ పిల్లల కంచాల్లోకి వచ్చిందంటే నాకు అదే గొప్పగా తోస్తుంది. ఇప్పుడు పట్నంలో మనం మిల్లెట్లు అని ఎక్కువ ధర పోసి కొనుక్కుంటున్నది ఆ గింజలనే మరి.

సేవాగ్రామంలో కూడా మూతపడిన బడిని 2005లో ఆనందనికేతన్ అన్న పేరుతో మళ్లీ తెరిచారు. అక్కడ కూడా పిల్లలకు పొలం పని, నూలు పని, వంట పని పాఠాల్లో భాగమే.

మా మనవడి సంగతి చెప్పి ముగిస్తాను. ఆ గుడిసెకు తొమ్మిది మార్కులు వచ్చిన రోజు సాయంకాలం, వాణ్ణి వంటింట్లోకి పిలిచి కందిపప్పు కడగమన్నాను. గిన్నె వంచటం రాక సగం పప్పు సింకులో పోశాడు. మిగిలింది మా అయిదుగురికీ చాలదు. "మరి ఎంత పోస్తే చాలుతుంది నానమ్మా?" అన్నాడు. చారెడు ఇద్దరికి అన్నాను. వేళ్లమీద లెక్క వేసుకుని మళ్లీ డబ్బా తీశాడు. వాళ్ల అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోందే గాని ఒక్కమాట అనలేదు. ఆ రాత్రి పప్పులో రెండు రాళ్లు తగిలాయి. ఇవాళ మళ్లీ కడుగుతానన్నాడు.